కవాటాలకు ముహూర్తం

నిరుడు వేసవిలో ఒక పనిమీద చెన్నపట్టణం వెళ్ళినప్పుడు, నా పూర్వ విద్యార్థి ఒకడు తాను పనిచేసే చోటికి నన్ను తీసుకొని వెళ్ళాడు. పందెపు కార్లకు ఇంజన్లు కట్టే చిన్న పనిశాల అది. బల్లమీద నాలుగు సిలిండర్ల ఇంజను ఒకటి పైమూత లేకుండా కూర్చొని ఉన్నది. దాని ముందుభాగాన భోజనం పళ్ళెమంత రేకు బిళ్ళ, అంచు చుట్టూ 360 గీతలు. ఉదయం పదిగంటలకు వెళ్ళినవాణ్ణి భోజనాల వేళ దాకా కూర్చున్నాను. అంతసేపూ వాడు చేసినదల్లా ఆ ఇంజనును చేత్తో మెల్లగా తిప్పడం, గడియారం వంటి కొలతబిళ్ళలో ముల్లును చూడడం, కాగితం మీద అంకె వేసుకోవడం, మళ్ళీ తిప్పడం.

"ఏమిట్రా అది, పంచాంగం గుణిస్తున్నావా?" అన్నాను.

"అంతేనండి మాస్టారూ, వాల్వులకి ముహూర్తం పెడుతున్నానండి" అన్నాడు.

పదవ తరగతిలో ఛందస్సు గంట కొట్టగానే కడుపునొప్పి తెచ్చుకొనేవాడు వీడు. ఉత్పలమాలలో పదవ అక్షరం దగ్గర యతి నిలపడం వీడికి ఏనాడూ చేతకాలేదు. అటువంటివాడు ఒక ఇనుప గుడ్డు ముక్కు ఎక్కడ నిలవాలో తేల్చడానికి పూటంతా వెచ్చించడం చూసి, ఇందులో సంగతి ఏదో ఉన్నదని తోచింది. ఇంటికి వచ్చిన తరువాత కొన్ని నెలలు ఆ చరిత్రే చదివాను. తెలిసికొన్నది మీతో పంచుకొందామని ఈ టపా. యంత్రశాస్త్రం చదివిన మిత్రులు మన బ్లాగర్లలో చాలామంది ఉన్నారు. నేను పొరబడిన చోట సవరింపగలరు.

ముందు కాస్త ఉపోద్ఘాతం. కారు ఇంజనులో పిస్టను నాలుగు అడుగులు వేస్తుంది. కిందికి దిగుతూ గాలినీ పెట్రోలునూ పీల్చుకొంటుంది. పైకి వస్తూ దానిని నొక్కుతుంది. మంట పుట్టగా మళ్ళీ కిందికి నెట్టబడుతుంది. చివరికి పైకి వస్తూ కాలిన పొగను బయటికి తోస్తుంది. ఈ నాలుగు అడుగులకు క్రాంకు ఇరుసు రెండు చుట్లు తిరుగుతుంది. గాలి వచ్చే ద్వారానికి ఒక కవాటం, పొగ పోయే ద్వారానికి ఒక కవాటం. ఈ రెండూ రెండు చుట్లకు ఒక్కొక్కసారే తెరుచుకోవాలి గనుక, వాటిని తెరిచే క్యామ్ ఇరుసు క్రాంకుకు సగం వేగంతో తిరుగుతుంది. క్యామ్ ఇరుసు అంటే అక్కడక్కడ గుడ్డు ఆకారపు ఉబ్బులున్న కడ్డీ. ఆ ఉబ్బు వచ్చి కవాటాన్ని నొక్కితే అది తెరుచుకొంటుంది. ఉబ్బు దాటిపోగానే స్ప్రింగు దానిని మూసివేస్తుంది. ఈ ఉపాయం కారు పుట్టుకతో వచ్చినది కాదు. 1206లో అల్ జజారీ రాసిన యంత్రాల గ్రంథంలోనే క్యామ్ ఉన్నది.

కారు తొలినాళ్ళలో గాలి కవాటానికి క్యామ్ లేనే లేదు. బలహీనమైన స్ప్రింగు ఒకటి దానిని మూసి ఉంచేది. పిస్టను దిగేటప్పుడు పుట్టే పీల్పుకు అదే తెరుచుకొనేది. పిలిచినప్పుడు లేచే పనివాని వంటిది అన్నమాట. ఇంజను మెల్లగా తిరిగినంతకాలం ఏ ఇబ్బందీ లేదు. వేగం పెరిగేకొద్దీ అది ఆలస్యంగా లేవడం, పూర్తిగా లేవకముందే పడడం మొదలైనది. 1901లో విల్‌హెల్మ్ మేబాక్ రూపొందించిన 35 అశ్వశక్తుల మెర్సిడెస్ కారులో గాలి కవాటాలకు కూడా క్యామ్ పెట్టారు. అప్పటినుంచి కవాటం ఎప్పుడు తెరుచుకోవాలో నిర్ణయించే భారం గాలిమీదనుంచి మనిషిమీదకు వచ్చింది. నా కథ అక్కడ మొదలవుతుంది.

ఎప్పుడు తెరవాలి? పిస్టను పై కొసన ఉన్నప్పుడు తెరిచి, కింది కొసకు చేరగానే మూయాలి అని ఎవరికైనా తోస్తుంది. నాకూ అట్లాగే తోచింది. కాని గాలికి బరువున్నది. గొట్టంలో పరుగెత్తుకొని వస్తున్న గాలి, పిస్టను కింది కొసన ఆగి వెనుదిరిగినంత మాత్రాన ఆగిపోదు. తన ఊపుతో ఇంకా కొంతసేపు లోపలికి దూరుతూనే ఉంటుంది. కనుక గాలి కవాటాన్ని కింది కొస దాటిన తరువాత చాలాసేపటికి మూయాలి. అదేవిధంగా పొగ కవాటాన్ని పిస్టను కిందికి చేరకముందే తెరవాలి. అన్నిటికన్నా విచిత్రమైనది పై కొస దగ్గరి సంగతి. పొగ కవాటం ఇంకా మూసుకోకముందే గాలి కవాటం తెరుచుకోవడం మొదలుపెడుతుంది. వెళ్ళిపోయే పొగ తన వెనుక ఒక వెలితిని మిగుల్చుతుంది. ఆ వెలితి కొత్తగాలిని లోపలికి లాగుతుంది. రెండు తలుపులూ ఒకేసారి తెరిచి ఉండే ఈ సంధికాలం పందెపు ఇంజనులో పొడుగు, ఇంటికారులో పొట్టి. అందుకే పందెపు ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు గుర్రుగుర్రుమని ఎగిరెగిరి పడుతుంది. ఆ వేగంలో గాలికి ఊపు లేదు, వచ్చినది వచ్చినట్లే వెనక్కు పోతుంది. మెల్లగా నడవడానికి మంచి ముహూర్తం ఒకటి, పరుగెత్తడానికి మంచి ముహూర్తం మరొకటి. ఒకే ఇరుసుమీద రెండూ కుదరవు. ఇంజను కట్టేవాడు ఏదో ఒకటి ఎంచుకొని, రెండవదానిని వదులుకోవాలి.

ఎంచుకొనే స్వేచ్ఛ అతనికి ఎప్పుడు వచ్చినదంటే 1912లో. ఫ్రాన్సులో పెజో కంపెనీకి పందేలు నడిపే ముగ్గురు, జార్జ్ బొయ్యో, జూల్ గూ, పావొలో జుక్కరెల్లి, ఎర్నెస్ట్ ఆన్రి అనే స్విట్జర్లాండు చిత్తుపటకారునితో కలిసి ఒక కొత్త ఇంజనును ప్రతిపాదించారు. కంపెనీలోని పట్టభద్రులైన ఇంజనీర్లు వీళ్ళకు 'షార్లటాన్లు' అని పేరు పెట్టారు. మన మాటలో చెప్పాలంటే బూటకపు వైద్యులు. అసలు ఊహ జుక్కరెల్లిదా, ఆన్రిదా అని చరిత్రకారులు ఇప్పటికీ తగవులాడుతూనే ఉన్నారు. పండితుల కర్తృత్వ వివాదాలు మనకేనేమో అనుకొనేవాణ్ణి, యంత్రాలకూ ఉన్నాయి!

ఆ ఇంజనులో సిలిండరుకు నాలుగు కవాటాలు. వాటిని తెరవడానికి నెత్తిమీద రెండు క్యామ్ ఇరుసులు, ఒకటి గాలికి, ఒకటి పొగకు. దాని పరిమాణం 7.6 లీటర్లు. ఆ ఏడు జూన్‌లో దియెప్ పట్టణంలో రెండురోజుల పాటు జరిగిన ఫ్రెంచి గ్రాండ్ ప్రీలో అది 14 లీటర్ల ఫియట్ కార్లను ఎదుర్కొన్నది. బొయ్యో గెలిచాడు. రెండవ స్థానంలో వచ్చినది ఫియట్. మరుసటి ఏడు గూ అదే జాతి కారుతో అమెరికా వెళ్ళి ఇండియానాపొలిస్ 500 మైళ్ళ పందెం గెలిచాడు. ఆ పెజో ఇంజన్లలో ఒకటి హ్యారీ మిల్లర్ పనిశాలకు మరమ్మతుకు రాగా, దానిని చూసి నేర్చిన విద్యతో అక్కడ తయారైన ఇంజన్ల వంశం దశాబ్దాల పాటు ఇండియానాపొలిస్‌ను ఏలింది. బూటకపు వైద్యుల మందు బాగానే పనిచేసింది.

నా కథకు ఇందులో ముఖ్యమైనది ఆ రెండు ఇరుసులే. ఒకే ఇరుసు మీద గాలి ఉబ్బులూ, పొగ ఉబ్బులూ ఉంటే, వాటి మధ్య దూరం ఇరుసును అరగదీసినవాడు నిర్ణయించినదే. ఇరుసును కొంచెం ముందుకు తిప్పితే రెండూ కలిసే ముందుకు పోతాయి. రెండు ఇరుసులున్నప్పుడు గాలిని ఒక వైపు, పొగను మరొక వైపు విడివిడిగా జరుపుకోవచ్చు. సంధికాలాన్ని పెంచవచ్చు, తగ్గించవచ్చు. నిర్ణయం కార్ఖానానుంచి ఇంజను కట్టేవాని బల్లమీదకు వచ్చింది. నా శిష్యుడు పూటంతా చేసిన పని దీని ఫలితమే.

ఆ పని ఎట్లా చేస్తారో చెబుతాను. దీనిలో నాకు కలిగిన ఆనందం మీకు కూడా కలుగుతుందని ఆశ.

ఇంజను చక్రాలమీద కార్ఖానావాళ్ళే గుర్తులు పెట్టి ఇస్తారు. చుక్కకు చుక్క ఎదురుగా నిలిపి గొలుసో పటకానో ఎక్కిస్తే సరి. మామూలు కారుకు ఇది చాలు. "ఆ చుక్కల్ని నమ్మకూడదండీ" అన్నాడు మావాడు. చక్రంలో చెక్కిన గాడి ఒక వెంట్రుకవాసి అటూ ఇటూ ఉండవచ్చు. ఇరుసును అరగదీసినవాడు అర డిగ్రీ తప్పి ఉండవచ్చు. ఇంజను తలను చదును చేయించడానికి పైపొర గీకిస్తే, తల క్రాంకుకు దగ్గరవుతుంది. మిగిలిన వదులును గొలుసు బిగించే పరికరం ఒక పక్కకు లాగుతుంది, దానితో క్యామ్ ఇరుసు కొద్దిగా వెనుకబడుతుంది. ఈ చిన్నచిన్న తప్పులన్నీ కలిసి చుక్కలు సరిగ్గా ఎదురెదురుగా ఉండగానే ముహూర్తం తప్పవచ్చు.

కనుక మొదట పై కొసను కనిపెట్టాలి. తేలికే కదా అనుకొన్నాను. కాదు. పై కొస దగ్గర పిస్టను కొన్ని డిగ్రీల మేర ఇంచుమించు కదలనే కదలదు. ఎగరేసిన బంతి పైన ఒక్క క్షణం నిలిచినట్లు ఉంటుంది. ఎక్కడ నిలిచినదో కంటితో చెప్పలేము. అందుకని సిలిండరులో ఒక అడ్డుమేకు బిగిస్తారు. ఇంజనును ఒక వైపు తిప్పితే పిస్టను వచ్చి దానికి తగిలి ఆగుతుంది. పళ్ళెం మీద అంకె రాసుకొంటారు. వెనక్కు తిప్పితే అవతలి వైపునుంచి వచ్చి మళ్ళీ తగులుతుంది. ఆ అంకె కూడా రాసుకొంటారు. ఒక వైపు 24, మరొక వైపు 30 వచ్చినదనుకోండి. ముల్లును జరిపి రెండు వైపులా 27 వచ్చేటట్లు చేస్తే, అప్పుడు సున్న నిజంగా పై కొసను చూపుతుంది. కనిపించనిదానిని దానికి ఇరువైపులా కనిపించేవాటి నడిమిగా పట్టుకోవడం అన్నమాట.

రెండవ మెట్టు కూడా అదే యుక్తి. క్యామ్ ఉబ్బు కొన కూడా కొంత చదునుగానే ఉంటుంది. కవాటం గరిష్ఠంగా తెరుచుకొన్న క్షణం సూటిగా తెలియదు. గరిష్ఠానికి ఒక మిల్లీమీటరు తక్కువగా తెరుచుకొన్న స్థానాన్ని ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి చదువుతారు. మావాని కాగితం మీద ఆనాడు 64, 152 అని ఉన్నది. రెండూ కలిపి సగం చేస్తే 108. అంటే పై కొస దాటిన 108 డిగ్రీలకు గాలి కవాటం నిండుగా తెరుచుకొంటున్నది. ఇరుసు చేసినవారి చీటీలో 106 అని ఉన్నది. రెండు డిగ్రీలు వెనుకబడింది. క్యామ్ ఇరుసు సగం వేగంతో తిరుగుతుంది గనుక దానిని ఒక్క డిగ్రీ ముందుకు తిప్పాలి.

ఒక్క డిగ్రీ! పంటిచక్రంలో ఒక పన్ను మార్చితే ఎన్నో డిగ్రీలు దూకుతుంది. దీనికి ఉపాయం 1631లో పియెర్ వెర్నియే ప్రకటించిన కొలతబద్ద సూత్రం. చక్రంలో 18 రంధ్రాలు, ఇరుసు అంచులో 19 రంధ్రాలు ఉన్నాయనుకోండి. ఒక రంధ్రం కలిసినచోట మేకు వేస్తారు. పక్క రంధ్రానికి మార్చితే తేడా 20 డిగ్రీలకూ, 18.95 డిగ్రీలకూ మధ్యనున్నది మాత్రమే, అంటే డిగ్రీకి కాస్త ఎక్కువ. 1948లో వచ్చిన జాగ్వార్ ఎక్స్‌కే ఇంజనులో చక్రానికీ ఇరుసుకూ మధ్య సన్నని పళ్ళున్న బిళ్ళను పెట్టి ఇటువంటి సర్దుబాటుకే వీలు కల్పించారు. ఇప్పటి పందెపు చక్రాలలో పొడుగాటి గాళ్ళు చెక్కి మరలు వదులుచేసి జరుపుకొంటారు.

గాలి ఇరుసును ముందుకు జరిపితే కవాటం త్వరగా మూసుకొంటుంది, తక్కువ వేగంలో బలం పెరుగుతుంది. వెనక్కు జరిపితే బలం పై వేగాలకు తరలిపోతుంది. అతిగా ముందుకు జరిపితే పైకి వచ్చే పిస్టను తెరిచి ఉన్న కవాటాన్ని కొట్టి వంచివేస్తుంది. అందుకని పిస్టను నెత్తిన పిల్లలు ఆడుకొనే రంగుమట్టి ముద్ద పెట్టి, ఇంజనును బిగించి తిప్పి, మళ్ళీ విప్పి, మట్టి ఎంత మందాన మిగిలినదో కొలుస్తారు. కోట్ల రూపాయల కార్లకు కూడా ఈ మట్టిముద్ద పరీక్ష చేస్తారట. నాకెందుకో అది బాగా నచ్చింది.

ఇదంతా ఇంజను నిలిచి ఉండగా చేసే పని. అది పరుగెత్తేటప్పుడు మనం పెట్టిన ముహూర్తం నిలుస్తుందా? ఈ ప్రశ్న అడిగి, దెబ్బతిని, జవాబు కనుగొన్నవాడు ఇంగ్లాండులోని కీత్ డక్‌వర్త్.

1958లో మైక్ కాస్టిన్, కీత్ డక్‌వర్త్ కలిసి ఒక కంపెనీ పెట్టారు. ఇద్దరి పేర్లూ కలిపి కాస్‌వర్త్ అన్నారు. (ఇది ఏ సంధి అని అడగకండి, మన సూత్రాలకు లొంగేది కాదు.) వారికి మొదట పేరు తెచ్చినది ఫోర్డు ఆంగ్లియా అనే చిన్న ఇంటికారు ఇంజను. 997 ఘన సెంటీమీటర్లు, 39 అశ్వశక్తులు. దానికి డక్‌వర్త్ తానే లెక్కకట్టి గీసిన ఉబ్బులతో కొత్త క్యామ్ ఇరుసు వేసి, మరికొన్ని మార్పులు చేసి శక్తిని దాదాపు రెట్టింపు చేశాడు. 1960 మార్చిలో గుడ్‌వుడ్‌లో జిమ్ క్లార్క్ ఆ ఇంజనున్న లోటస్ కారుతో ఫార్ములా జూనియర్ పందెం గెలిచాడు.

తరువాత లోటస్ అధినేత కాలిన్ చాప్‌మన్ ప్రయత్నం మీద ఫోర్డు కంపెనీ లక్ష పౌన్లు ఇచ్చింది. ఆ డబ్బుతో రెండు ఇంజన్లు పుట్టాయి. రెండవది 3 లీటర్ల డీఎఫ్‌వీ. ఎనిమిది సిలిండర్లు, 32 కవాటాలు, నాలుగు క్యామ్ ఇరుసులు. గొలుసులు లేవు, క్రాంకునుంచి నెత్తిదాకా వరుసగా పంటిచక్రాలు. గొలుసు సాగుతుంది, పంటిచక్రం సాగదు, కనుక ముహూర్తం తప్పదు అని అందరూ అనుకొనేదే.

1967 జూన్ 4న హాలెండులోని జాండ్‌వోర్ట్‌లో అది మొదటిసారి పందానికి వచ్చింది. అందరికన్నా ముందు వరుసలో గ్రాహమ్ హిల్, ఎనిమిదవ స్థానంలో జిమ్ క్లార్క్. క్లార్క్ ఆ కారును తొలిసారి నడిపినది ఆ వారాంతంలోనే. పందెం మొదలైన తరువాత ముందున్నది హిల్. 11వ చుట్టులో అతని ఇంజను ఆగిపోయింది. క్యామ్ ఇరుసులను తిప్పే చక్రాల పళ్ళు విరిగాయి. క్లార్క్ ఒక్కొక్కరినే దాటుకొంటూ వచ్చి గెలిచాడు. మరునాడు లోకానికి కనిపించినది గెలుపు. డక్‌వర్త్‌కు కనిపించినది విరిగిన పన్ను.

ఇక్కడ ఒక చిన్న లెక్క. ఆ ఇంజను నిమిషానికి 9,000 చుట్లు తిరిగేది. అంటే సెకనుకు 150 చుట్లు. ప్రతి కవాటమూ సెకనుకు 75 సార్లు తెరుచుకొని మూసుకోవాలి. క్రాంకు ఒక డిగ్రీ తిరగడానికి పట్టే కాలం సెకనులో 54,000వ వంతు. భాస్కరాచార్యుడు సిద్ధాంత శిరోమణిలో దినాన్ని 9,72,000 నిమేషాలుగా, నిమేషాన్ని 30 తత్పరలుగా, తత్పరను నూరు త్రుటులుగా విభజించాడు. ఆ లెక్కన త్రుటి సెకనులో 33,750వ వంతు. (ఇతర గ్రంథాలలో త్రుటికి వేరే లెక్కలున్నవి.) ఒక త్రుటి తప్పితే ముహూర్తం 1.6 డిగ్రీలు తప్పినట్లే. త్రుటి అనే మాటను నలభై ఏళ్ళు పాఠం చెప్పాను. అది ఏదైనా పనికి వచ్చే కొలత అని ఎన్నడూ అనుకోలేదు.

పన్ను ఎందుకు విరిగింది? క్యామ్ ఉబ్బు కవాటాన్ని తెరిచేటప్పుడు స్ప్రింగు ఎదురుతిరిగి ఇరుసును వెనక్కు నెడుతుంది. మూసేటప్పుడు అదే స్ప్రింగు ఉబ్బును వెనుకనుంచి తోసి ఇరుసును ముందుకు నెడుతుంది. అంటే ఇరుసు తిరిగేది నునుపుగా కాదు, వెనక్కూ ముందుకూ కుదుపులతో. ఇవన్నీ చక్రాల వరుసమీద పడతాయి. ఇంజనులోని కంపనాలతో ఈ కుదుపుల లయ ఏదైనా ఒక వేగంలో కలిస్తే, ఒకటికొకటి తోడై, లెక్కకు అందని దెబ్బలవుతాయి. పన్ను ఒక పక్కన దెబ్బతిని, తిరిగి రెండవ పక్కన దెబ్బతింటుంది. ఉయ్యాల ఊపేవాడు సరిగ్గా వెనక్కు వచ్చినప్పుడే తోస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

చక్రాలను ఇంకా లావుగా, ఇంకా గట్టిగా చేయడం ఎవరికైనా తోచే మందు. డక్‌వర్త్ చివరికి పట్టుకొన్నది దానికి విరుద్ధమైనది. కొన్నేళ్ళ తరువాత ఆ వరుసలోని ఒక చక్రపు నడుములో సన్నని ఉక్కు కడ్డీలను అమర్చాడు. దెబ్బ వచ్చినప్పుడు ఆ కడ్డీలు కొద్దిగా మెలిపడి, దెబ్బను మింగి, మళ్ళీ యథాస్థానానికి వస్తాయి. ముహూర్తం ఒక వెంట్రుకవాసి చలించడానికి ఒప్పుకొని, దానితో పళ్ళను కాపాడాడు. బల్లమీద ఎంత నిక్కచ్చిగా కొలిచి పెట్టినా, పరుగులో అది కొంత ఊగుతుందని అంగీకరించిన ఇంజను అది. 1967నుంచి 1983లో డెట్రాయిట్ పందెం దాకా డీఎఫ్‌వీ, దాని సంతతి కలిసి 155 గ్రాండ్ ప్రీలు గెలిచాయి. డక్‌వర్త్ 2005లో మరణించాడు.

ఆ తరువాతి కథ అందరికీ తెలిసినదే గనుక క్లుప్తంగా చెబుతాను. 1980లో ఆల్ఫా రోమియో తన స్పైడర్ కారులో, ఇంజను నడుస్తుండగానే గాలి ఇరుసు తనంతట తాను జరిగే ఏర్పాటు చేసింది. 1989లో హోండా వారు తక్కువ వేగానికి ఒక ఉబ్బు, ఎక్కువ వేగానికి వేరొక ఉబ్బు పెట్టి, రెండింటి మధ్య మారే వీటెక్ పద్ధతిని తెచ్చారు. ఒకటి ఎంచుకొంటే రెండవది వదులుకోవలసిన పాత చిక్కు చాలావరకు తీరింది. ఇప్పుడు మన వీధిలో తిరిగే చిన్న కార్లలో కూడా ఈ విద్య ఉన్నది. 1986లో రెనో వారు ఉక్కు స్ప్రింగులకు బదులు గాలి స్ప్రింగులు వాడడంతో కవాటాలు మరింత వేగాన్ని తట్టుకొన్నాయి. 2006లో కాస్‌వర్త్ వారి ఇంజనే నిమిషానికి 20,000 చుట్లు తిరిగింది. అక్కడ త్రుటికి 3.6 డిగ్రీలు!

భోజనానికి లేచే ముందు మావాడు మరలు బిగించి, ఇంజనును రెండు నిండు చుట్లు తిప్పి, మళ్ళీ మొదటినుంచి చదివాడు. ఎప్పుడూ ముందు దిక్కుకే తిప్పాలట, వెనక్కు తిప్పి చదివితే వదులంతా లెక్కలోకి వస్తుందట. ఈసారి 106 రావాలి. 106న్నర వచ్చింది.

"అరడిగ్రీయే కదరా, అన్నం చల్లారిపోతుంది" అన్నాను.

"ఉత్పలమాలలో యతి పదోది కాకుండా పదకొండోది పెడితే మీరు ఊరుకున్నారా మాస్టారూ?" అని మరలు మళ్ళీ వదులు చేశాడు.